సముద్రానికి పోవాల్సిన మా సులోచన అత్తమ్మ

నిన్న పొద్దున ఆరు కూడా కాలేదు. రాజేశం మామ ఫోన్.

"బిడ్డా, మీ అత్తమ్మ లేస్తలేదు."

చనిపోయింది అనలేదు. లేస్తలేదు అన్నాడు.

"ముఖం మీద జర నీళ్లు సల్లు మామా" అన్నాను. ఎంత పిచ్చి మాట! అప్పటికే డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడట. నిద్రలోనే గుండె ఆగిందట.

పెద్దపల్లి నుంచి కరీంనగర్ గంట దారి. బస్సులో కూర్చొని ఆమె డీపీనే చూస్తూ ఉన్నాను. ఆరెంజ్ లైఫ్ జాకెట్, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, ఎండకు కళ్లు చికిలించుకుని నవ్వు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. సులోచన అత్తమ్మ మా అమ్మ తమ్ముడి భార్య. హైస్కూల్లో లెక్కల టీచర్. మామ ముప్పై ఏళ్లు డ్యాం గేట్ల దగ్గర డ్యూటీ చేసి రిటైర్ అయ్యాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నిసార్లు అనుకున్నారో గానీ, చుట్టాలం మేం మాత్రం కలిసినప్పుడల్లా అనుకున్నాం.

హుస్నాబాద్ పక్క పల్లెలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు బిందెడు నీళ్లకు రెండు చేన్లు దాటి పోయేదట. తమ్ముణ్ణి దుబాయి పంపడానికి బొంబాయి పోయినప్పుడు మొదటిసారి సముద్రం చూసింది. ఒడ్డున అందరూ తమ్ముణ్ణి పట్టుకొని ఏడుస్తుంటే, ఈమె తెరచాప పడవలను చూస్తూ నిలబడిపోయిందట.

రిటైర్ అయిన మర్నాడే చెప్పేసింది. ఇద్దరం పడవ నడపడం నేర్చుకుంటాం. సర్టిఫికెట్లు తెచ్చుకుంటాం. పాత పడవ ఒకటి కొనుక్కొని, ఇక అందులోనే ఉంటాం.

ఫ్యామిలీ గ్రూప్ నిండా నవ్వే ఎమోజీలు. అందులో నావే ఎక్కువ. "మానేరు బ్రిడ్జి మీద కండ్లు తిరుగుతయి, సముద్రం మీద ఉంటరట" అని మెసేజ్ పెట్టాను.

కింద ఆమె జవాబు. "నువ్వు సుత రా బిడ్డా. వంటకు పెట్టుకుంటం."

నిన్నటి నుంచి ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివానో.

నవ్వినవాళ్లం నవ్వుతూనే ఉన్నాం, వాళ్లు నేర్చుకుంటూనే ఉన్నారు. ప్రతి ఆదివారం ఫస్ట్ బస్సుకు హైదరాబాద్. అక్కడ చెరువు మీద నేర్చుకొని, తర్వాత అసలు కోర్సుకు బొంబాయి. పడవ తాళ్ల ముడులు గుర్తుండడానికి అత్తమ్మ సొంతంగా ఒక పాఠం కూడా కట్టింది. "పాము పుట్టల నుంచి ఎల్లింది, చెట్టు సుట్టు తిరిగింది, మల్ల పుట్టలకే వోయింది."

ఫస్ట్ అటెంప్ట్‌లోనే పాస్. కెప్టెన్ సులోచన.

మామ ఫెయిల్.

ఎందుకు ఫెయిలయ్యాడో ఆమె చెప్తుంటే మాకు నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. పడవను ఒడ్డుకు కట్టి భోజనానికి రమ్మన్నారట సార్లు. మామ డ్యాం మీద కట్టినట్టు గుంజి గుంజి కట్టాడు. తిని వచ్చేసరికి ఆటు వేళై, సముద్రం నీళ్లు మనిషెత్తు దిగిపోయాయి. పడవ ఒక పక్కకు ఒరిగి తాళ్లకు వేలాడుతోంది. ముడి రాదు, చివరికి తాడు కోయాల్సి వచ్చింది.

అంత పరేషాన్‌లోనూ మామ అడిగిన మాట: "గిన్ని నీళ్లు ఎటు వోయినయ్? గేట్లెవడు లేపిండు?"

ఆ రోజు నుంచి ఇంట్లో అదే ప్రాక్టీస్. సాయంత్రం టీ కాగానే కిటికీ గ్రిల్‌కు మామతో తాడు కట్టించేది. తన వేలు దూర్చి చూసేది. "జర వదులియ్యి. నీళ్లు ఎక్కుతయి, దిగుతయి" అనేది.

నీకు వచ్చింది కదా, ఆయనకెందుకు మళ్లీ ఎగ్జామ్ అని ఒకసారి అడిగాను.

"నడి సముద్రంల నాకేమన్న అయితే పడవను ఒడ్డుకెవరు తెస్తరు? ఇద్దరికీ వస్తెనే పోతం, లేకుంటె లేదు" అంది.

మామ ఎగ్జామ్ వచ్చే నెల. రైలు టికెట్లు రెండూ నేనే బుక్ చేశాను.

నిన్న వాకిట్లో ఎవరో "పుణ్యాత్మురాలు, ముత్తైదువగ వోయింది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె పోదామనుకున్నది సముద్రం మీదికమ్మా, అదీ మొగుణ్ణి వెంటబెట్టుకొని.

మామ పొద్దటి నుంచి ఆమె పక్కనే కూర్చున్నాడు. కంట్లో నీళ్లు లేవు.

పాడె మీద ఆమెను పడుకోబెట్టి తాళ్లు బిగిస్తున్నారు. అప్పుడు లేచి వచ్చాడు. వంగి, తాడు కింద వేలు దూర్చి చూశాడు.

"గంత గట్టిగ కట్టకుండ్రి. జర వదులియ్యుండ్రి."

కట్టేవాళ్లకు అర్థం కాలేదు. మాకు అయింది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఇది రాస్తుంటే కూడా ఏడుపు ఆగట్లేదు.

ఈ పొద్దున టీ ఇస్తుంటే మామ నన్ను ఆపాడు.

"టికెట్లు రెండు తీసినవ్ గద బిడ్డా. ఒకటి క్యాన్సల్ జెయ్యి."

సరే మామా, అన్నాను.

"ఒకటే. రెండోది ఉండనీ. ఒడ్డుకు తేవాలె గద."

అత్తమ్మా, నవ్వినందుకు క్షమించు. వంటకు వస్తానని ఒక్కసారన్నా చెప్పి ఉండాల్సింది.

పోయి రా, కెప్టెన్. నువ్వున్న చోట నీళ్లు నిమ్మళంగా ఉండాలి. నువ్వూ నిమ్మళంగా ఉండాలి.