సేవ్ అయిన హాస్టలు సీటు

పోయినేడు శ్రావణంలో రెండో మంగళవారం, పొద్దున పదకొండుంపావుకి జరిగింది. టైము ఎందుకు గుర్తుందంటే, నరసరావుపేట కాలేజీలో మమ్మల్ని కూచోబెట్టిన గది గోడగడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంది. అంకె గానీ అక్షరం గానీ కనబడితే చదవకుండా ఉండలేను. నలభై దాటాక అబ్బిన చదువు మరి. అంతకుముందు ఆ ఊరి బస్టాండులోనే మూటలు మోసేవాణ్ణి. బస్సు బోర్డులే నా పలక. బోర్డుతో ఒక సుఖముంది. ‘మాచర్ల’ అని మనం కూడబలుక్కునేదాకా డ్రైవరు టీ తాగుతూనే ఉంటాడు.

నిన్న నడికుడిలో మా పక్కింటి పిల్ల ఫోను తెచ్చి, “చూడు తాతా, మీ గోల తర్వాతే ఇది పెట్టారంట,” అని యూనివర్సిటీ హాస్టలు పేజీ చూపించింది. దానితో ఆ మంగళవారం మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

తమ వెబ్‌సైటు పిల్లలకీ ఇంటివాళ్ళకీ ఎంత సులువుగా ఉందో చూడ్డానికి యూనివర్సిటీ వాళ్ళు ఒక మేడాన్నీ, ఒక కంప్యూటర్ అబ్బాయినీ పంపారు. పిల్లతోపాటు ఇంట్లోంచి ఒకరు రావాలన్నారు. మా అబ్బాయి రైలు పట్టాల పనిలో ఉన్నాడు కాబట్టి మనవరాలి వెంట నేను పోయాను. ఆ పిల్ల అప్పటికే గుంటూరు యూనివర్సిటీలో రెండేళ్ళ పీజీకి చేరి, హాస్టలుకి దరఖాస్తు పెట్టి సీటు కోసం ఎదురుచూస్తోంది. సీటు రాకపోతే రోజూ నడికుడి నుంచి గుంటూరుకి రైల్లో పోయి రావాలి. దారి పొడుగునా నాకు ఒకటే పాట: “తాతా, అక్కడ నోరు పారేసుకోబాక. సీటు వాళ్ళ చేతిలో ఉంది.”

హాస్టలు దరఖాస్తు ఎక్కడుందో మీరే వెతుక్కోండి, మేం చెప్పం అన్నారు మేడం. నేను తెర మీద వేలు పెట్టి పైనుంచి మొదలుపెట్టాను. ర్యాగింగు గురించి హెచ్చరిక, ఆటల పోటీల కబురు, ఎవరో పెద్దాయన ఫోటో. ఫోటో దాటి దిగేసరికి పేజీ తెల్లబోయింది. సమయం అయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టమంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. ఇక నా వల్ల కాదనిపించి కుర్చీలో వెనక్కి వాలాను.

ఈలోగా ఎలా ఉందో రాయమని తలా ఒక కాగితం ఇచ్చారు. నా పక్కన కూతురితో వచ్చిన మెకానిక్ ఒకాయన కంప్యూటరు ముట్టుకోకుండానే ‘చాలా బాగుంది’ మీద టిక్కు కొట్టాడు. మనవరాలూ అదే కొట్టింది.

“చూడకుండానే కొట్టావేందయ్యా?” అన్నాను.

“పెళ్ళికి పోయి పప్పులో ఉప్పు లేదంటారా పెద్దాయనా?” అన్నాడు.

“పెళ్ళి భోజనం ఒక్క పూట. దీన్ని ఈ పిల్లలు రెండేళ్ళు తినాల.”

మనవరాలు నా మోచేయి గిల్లింది. మెకానిక్ నవ్వాడు, మేడం మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూచున్నారు. ఆవిడ మొహంలో నాకన్నా ఎక్కువ అలసట ఉంది. “పోయిన ఊళ్ళోనూ అందరూ బాగుందనే రాశారు తాతగారూ. ఈ కాగితాలు చూపించి మార్చాలంటే పైవాళ్ళు ఒప్పుకుంటారా?” అన్నారు.

“నువ్వు చెప్పమ్మా, బాగుందా?” అని మనవరాలినడిగారు.

“బానే ఉంది మేడం.”

“బానే ఉంటే నీ సీటేదే?” అన్నాను, గిల్లినా సరే అని.

మేడం చెప్పగా కంప్యూటర్ అబ్బాయి మా పిల్ల దరఖాస్తు తెరిచాడు. ‘సేవ్ అయింది’ అని పచ్చగా ఉంది. పని అయిపోయిందని అదే నమ్మి కూచుంది మా పిల్ల. ఆ పచ్చ అక్షరాల కింద, నోటీసులన్నీ దాటి అడుగున, ‘పంపించు’ అని ఇంకో బటన్ ఉంది. గడువు ముందురోజు సాయంత్రమే అయిపోయింది.

“సేవ్ అయిందమ్మా, మాకు రాలేదు,” అన్నారు మేడం మెల్లగా.

పిల్ల ఏడవలేదు. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, పెట్టిన టిక్కు మీద అడ్డగీత గీసి, జరిగిందంతా రాసింది. అది రాస్తున్నంతసేపూ చూసి మెకానిక్, “మాదీ ఇటివ్వండి మేడం,” అన్నాడు. తరువాత కూతుర్ని కంప్యూటరు ముందు కూచోబెట్టాడు.

మేడం ఫోన్లు చేశారు. గడువు గడువే అన్నారంట. ఆ సంవత్సరమంతా మా పిల్ల చీకటితో లేచి రైలెక్కింది. ఆదివారం కూడా అన్నం కంచం ముందు కునికేది. లేపబుద్ధయ్యేది కాదు నాకు.

నిన్న పక్కింటి పిల్ల చూపించిన పేజీలో ‘సేవ్ అయింది’ పక్కనే ఎర్రగా, ‘ఇంకా పంపలేదు’ అని ఉంది. ‘పంపించు’ బటన్ దాని కిందే పెట్టారు. వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. చదివినంతసేపూ పేజీ కదలకుండా నిలబడింది. ఆ రెండు మాటలు అక్కడికి చేరడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాది ఎవరి నిద్రలోంచి పోయిందో ఆ పేజీలో ఎక్కడా రాసి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉన్నది మేడం, కంప్యూటర్ అబ్బాయి, మెకానిక్, ఆయన కూతురు, నేను, నా పక్కన సీటు వస్తుందనుకుని కూచున్న మా పిల్ల.