హద్దులమ్మ సుద్దముక్క

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల చీటీ మీద తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ ఆవిడ హద్దులమ్మే. పక్కింటాయన స్కూటరు గీత దాటి జానెడు ఇవతలకి వచ్చినా ఊరుకోదు, గ్లాసులో మంచినీళ్లు అంచు దాకా పోసినా ఊరుకోదు. నలభై ఏడేళ్ల మనిషి, సన్నగా, చురుగ్గా, నోరు కొంచెం పెద్దదిగా ఉంటుంది. పని మాత్రం చెప్పుకోదగ్గ పని. రక్తనిధులకు శీతల పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో, ఆ పెట్టెల లోపలి సర్క్యూట్ బోర్డును నడిపే కెర్నెల్ రాస్తుంది. కెర్నెల్ అంటే యంత్రంలో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాము. అది పడిపోతే మిగతావన్నీ దాని మీదే పడతాయి.

ఈ హద్దుల పిచ్చి పుట్టుకతో వచ్చిందే. వాళ్ల నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. చిన్నప్పుడు సుద్ద పూసిన దారానికి ఒక కొస తను పట్టుకుంటే రెండో కొస ఆయన పట్టుకుని టప్పున కొట్టేవాడు. గీత పడేది. "ముందు రేకు ఎంతుందో చూడు, తరవాతే అక్షరం మొదలెట్టు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిది. కూతురి దగ్గరే ఉంటూ, ఇంట్లో ఉప్పు డబ్బా నుంచి మందుల డబ్బా దాకా అన్నిటి మీదా పేర్లు రాసి పారేశాడు.

ఆఫీసులో మంచినీళ్ల ఫిల్టరు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. పెట్టించింది హద్దులమ్మే. కోడ్‌లో ఎవరైనా మెమరీలో కేటాయించిన జాగా దాటి రాస్తే, ఆ తప్పు వాళ్లే తమ చేత్తో బోర్డు మీద రాయాలి. వారం దాకా చెరపకూడదు. పన్నెండేళ్లలో కోడ్ రాసేవాళ్లందరి చేతిరాతా ఆ బోర్డెక్కింది, ఒక్క హద్దులమ్మది తప్ప. ఆవిడ రాసింది పైన శీర్షిక ఒక్కటే: 'ఎవరి తప్పు వారి చేతిరాతలో'. ఆ అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి.

కిందటి నెల ఆవిడ ఎండీ గారి గదిలోకి వెళ్లి కూర్చుంది. కెర్నెల్‌లో రెండొందల పన్నెండు చోట్ల స్ప్రింట్‌ఎఫ్ అనే పాత ఫంక్షన్ వాడారు. అంకెల్నీ మాటల్నీ కలిపి వాక్యం చేసిపెట్టడం దాని పని. జాగా ఎంతుందో అడగదు, అయిపోతే ఆగదు, పక్కవాడి జాగాలోకి రాసుకుంటూ పోతుంది. దాన్ని తీసేసి, జాగా ఎంతో ముందే చెప్పించుకుని అంచు దగ్గర ఆగే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ పెట్టాలని ఆవిడ పట్టు.

"పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు మేడమ్?" అన్నాడు ఎండీ.

"పనిచెయ్యడం లేదు సార్, మన అదృష్టం పనిచేస్తోంది."

ఆయన నవ్వి మూడు వారాలు ఇచ్చాడు. "కానీ ఒక్క మాట. గడువయ్యాక వచ్చే సోమవారం నలభై పెట్టెలు వెళ్లాలి, అన్నీ మైనస్ ముప్పై డిగ్రీల చలిలో నడిచేవి. పరీక్షలో మీ కొత్త కోడ్ ఒక్కసారి ఆగినా పాతదే పంపిస్తాం. మళ్లీ ఈ ఊసు ఎత్తకూడదు." ఆవిడ సరేనంది. తలుపు దగ్గర ఆగి, "ఒక్క అక్షరం కూడా హద్దు దాటదు" అని మాట కూడా ఇచ్చింది. ఎవరూ అడగని మాట అది.

గడువు చివరి శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ ఎక్కించిన బోర్డును చలిపెట్టెలో పెట్టారు. ఇన్నాళ్లూ నాలుగు డిగ్రీల పెట్టెలే ఎక్కువగా అమ్మారు కాబట్టి, మైనస్ ముప్పై దాకా దించి చూడడం ఆ ఆఫీసులో అదే మొదలు. పరీక్షలు చేసేది ఒక పెద్దమనిషి. స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాడు కాబట్టి అందరూ మాస్టారు అంటారు. తెర మీద అంకెలు దిగాయి, దిగాయి, మైనస్ ముప్పైకి చేరాయి. అక్కడే కదలకుండా బిగుసుకుపోయింది.

"వైరు వదులైనట్టుందమ్మా, రేపు పొద్దున మళ్లీ పెడదాం" అన్నారు మాస్టారు.

హద్దులమ్మ తలూపింది గానీ, ఆ వైరు గట్టిగానే ఉందని ఆవిడ వేళ్లకు తెలుసు. తనే బిగించింది మరి.

ఆ పూట ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చుంటే నాన్న ఊరుకోలేదు.

"ఏంటమ్మలూ, ఎవరిమీద కోపం? ఆ అన్నం ఏం చేసింది నిన్ను?"

చెప్పింది. అంచు దగ్గర ఆగే ఫంక్షనే పెట్టానని, అయినా ఎవడో పక్క జాగాలోకి రాస్తున్నాడని.

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. "మీ మావయ్య కత చెప్పలేదూ నీకు? ఓసారి పెద్ద బట్టల కొట్టు బోర్డు ఒప్పుకున్నాం. మొదటి సగం వాడు, రెండో సగం నేను. నేను కింద రంగు కలుపుతూ, 'ఎన్ని అక్షరాలయ్యాయి బావా?' అని కేకేశా. 'ఇరవై' అన్నాడు. ఇరవై అక్షరాల మేర కొలుచుకుని, అక్కడ నిచ్చెనేసుకుని, తలెత్తకుండా మొదలెట్టేశా. దిగి చూస్తే ఏముంది, రేకు పదహారుకే అయిపోయింది, వాడు పదహారు దగ్గరే ఆగిపోయాడు. నేను రాసిందంతా పక్కనున్న మంగలిషాపు గోడ మీద!"

"మరి ఇరవై అని ఎందుకన్నాడు?"

"వాడికి రాయమని ఇచ్చినవి ఇరవై. ఎన్ని రాశావురా అంటే, ఎన్ని రాయాలో చెప్పాడు. అబద్ధమాడలేదు పాపం, నేనే సరిగ్గా అడగలేదు."

హద్దులమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొత్త ఫంక్షన్ కూడా అచ్చం మావయ్యే! అంచు దగ్గర బుద్ధిగా ఆగుతుంది. కానీ ఎంత రాశావంటే, జాగా ఉంటే ఎంత రాసేదో ఆ లెక్క చెబుతుంది. ఆ లెక్క పట్టుకుని ఆవిడ తరవాతి వాక్యం మొదలుపెట్టించింది. జాగా నూట అరవై అక్షరాలు. నాలుగు డిగ్రీలప్పుడు పన్నెండు సెన్సర్ల అంకెలు, తలుపు సంగతి, కరెంటు సంగతి, అన్నీ కలిసి నూట యాభై ఆరు. సరిపోయాయి. మైనస్ ముప్పైలో ఒక్కో సెన్సరుకూ మైనస్ గుర్తూ ఇంకో అంకే చేరేసరికి సెన్సర్లకే నూట యాభై ఆరు అయిపోయాయి. తలుపు వాక్యం నూట అరవై దగ్గర తెగింది, లెక్క మాత్రం నూట అరవై ఎనిమిదని వచ్చింది. కరెంటు వాక్యం మొదలైంది అక్కడ, అంటే మంగలిషాపు గోడ మీద. మిగిలిన జాగా ఎంతని తీసివేస్తే సున్నాకి దిగువన వచ్చింది. జాగా లెక్కలో కెర్నెల్‌కు సున్నాకి దిగువ అంకెలు తెలియవు, అందుకే ఆ లెక్క తిరగబడి కొండంత జాగా ఉందనుకుంది. పన్నెండేళ్లుగా ఊరందరికీ హద్దులు చెప్పిన మనిషి పప్పులో కాలేసింది.

శనివారం అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్లింది. అలా వాక్యాలు ఒకదాని వెనక ఒకటి పేర్చేచోట్లు ముప్పై ఒకటి తేలాయి. అన్నిచోట్లా నిజంగా రాసినంతే లెక్క చెప్పే ఇంకో ఫంక్షన్ పెట్టి, జాగా కూడా పెంచింది. పదింటికల్లా బోర్డు మైనస్ ముప్పైలో చక్కగా నడుస్తోంది.

"చూశారా, వైరే!" అన్నారు మాస్టారు సంబరంగా.

అక్కడితో ఆగిపోవచ్చు. ఎవరికీ తెలియదు. నిజం చెబితే ఎండీ గారి షరతు ప్రకారం మూడు వారాల పని గంగలో కలుస్తుంది, పాత ఫంక్షనే నలభై పెట్టెల్లో కూర్చుంటుంది. తేలు కుట్టిన దొంగలా ఫిల్టరు దగ్గర నిలబడి రెండు గ్లాసుల నీళ్లు తాగింది. దాహం లేదు. ఎదురుగా తన ముత్యాల అక్షరాలు. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. సుద్దముక్క తీసి, జానతో బోర్డు కొలుచుకుని, రాసింది: 'ఆపింది వైరు కాదు. ఎంత రాశావని అడగాల్సినచోట ఎంత రాయాలని అడిగాను. తప్పు నాది. హద్దులమ్మ.'

ఎండీ వచ్చి రెండుసార్లు చదివాడు. "అయితే నా షరతు?"

"షరతు షరతే సార్. కానీ ఒక్కసారి పాత కోడ్‌ని కూడా ఆ చలిలో పెట్టి చూడండి. తరవాత మీ ఇష్టం."

మాస్టారు పెట్టారు. మైనస్ ముప్పై. పాతది కూడా బిగుసుకుపోయింది. మాస్టారు లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చారు. రెండేళ్ల కింద అమ్మిన మైనస్ పెట్టెలు రెండు, కారణం తెలియకుండా ఆగిపోతున్నాయని వచ్చిన ఫిర్యాదులు అందులో ఉన్నాయి. కరెంటు హెచ్చుతగ్గులని జవాబు రాసి సంతకం పెట్టింది ఎండీయే.

ఆయన ఫైలు మూశాడు. "కొత్తదే పంపండి. ఆ రెండు పెట్టెలకీ ముందు పంపండి." తరవాత చెయ్యి చాచాడు. "ఆ సుద్ద ఇటివ్వండి. మెమరీకి ఖర్చెందుకు, నూట అరవై అక్షరాలు చాలని ఆనాడు పిసినారితనం చేసింది నేనే."

హద్దులమ్మకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. మాస్టారు ఇంకో ముక్క పుచ్చుకుని తన వైరు సంగతి కింద మూల రాసేసుకున్నారు. ఎండీ చేతిరాత పెద్దది, చెప్పాల్సింది ఇంకా పెద్దది. రాసుకుంటూ, రాసుకుంటూ, చెక్క అంచు దాటి తెల్లటి గోడ మీదకు పోతున్నాడు.

"సార్, హద్దు!" అని అరిచింది హద్దులమ్మ.

ఆయన ఉలిక్కిపడి ఆగాడు. గోడ మీద పడిన రెండక్షరాలనూ తన చొక్కా చేత్తోనే తుడిచాడు.