గోళ్లు చూసి రక్తం చెప్పిన మిషను

మా పరిశోధనకి గుర్తింపు వచ్చి, శాలువాలు కప్పించుకుని, పేపర్లో ఫోటో కూడా పడ్డాక, కాలనీలో అడిగినవాళ్లందరికీ మావారు ఒకటే మాట చెప్పేవారు: "కంప్యూటరుకి కళ్లు పెట్టి, మనిషి ఒంట్లో రక్తం ఎంతుందో చూడమన్నాం." వినడానికి బాగానే ఉంటుంది. ఆ కంప్యూటరు మొదటిసారి ఊళ్లోకి వెళ్లి మా పరువు ఎలా తీసిందో మాత్రం ఆయన చెప్పరు. నాకలాంటి మొహమాటాలు లేవు కాబట్టి నేను చెబుతాను.

తొంభైల్లో కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఇద్దరం మేడ్చల్ దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటి డిజిటల్ కెమెరాలు మాలాంటి వాళ్ల చేతికి కూడా అందాక, మావారికి ఒక ఆలోచన వచ్చింది. రక్తం తక్కువైన మనిషికి గోళ్లు పాలిపోతాయి కదా, ఆ రంగుని ఫోటో తీసి కంప్యూటరుతో కొలిపిస్తే సూది గుచ్చే పనే ఉండదు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు సూది పేరెత్తితే ఆరోగ్య కేంద్రం గడప తొక్కేవాళ్లు కాదు. అందుకే నాకూ ఆ ఆలోచన నచ్చింది. మామూలుగా ఆయన ఆలోచనలు నాకు అంత తొందరగా నచ్చవు.

కాలేజీ వర్క్‌షాపులో ఒక చెక్కపెట్టె చేయించాం. లోపల బల్బు, పైన కెమెరా, కింద వేళ్లు పెట్టుకోవడానికి తెల్లటి పలక. ఫోటో తీయగానే ల్యాప్‌టాప్ తెర మీద ఒక గడి వస్తుంది. ఆకుపచ్చగా వస్తే రక్తం సరిపడా ఉన్నట్టు, ఎర్రగా వస్తే తక్కువ ఉన్నట్టు. చలికాలమంతా హాస్టలు పిల్లల గోళ్ల ఫోటోలు తీసి, వాళ్ల రక్తపరీక్షలతో పోల్చి దానికి నేర్పించాం. బుద్ధిగా నేర్చుకుంది. మా ఇంట్లో పిల్లలకి లెక్కలు నేర్పడం కంటే అదే తేలికైంది.

శ్రావణమాసం మొదట్లో, శామీర్‌పేట చెరువు పక్కన ఒక ఊళ్లో, బడి వరండాలో మా పెట్టె పెట్టాం. ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సమ్మ కూడా సూదులు పట్టుకుని వచ్చింది. సూది లేని పరీక్ష పక్కనే ఉంటే ఆమె దగ్గరికి ఎవరు పోతారు? పాపం, ఒక మూల కూర్చుని మా వైభవం చూస్తూ ఉండిపోయింది.

మొదట వచ్చిన వాళ్లలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. చెరువులో చేపలు పట్టే కుటుంబం. మగవాళ్లు వల లాగితే, ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని కట్ట ఎక్కి, ఊళ్ల వెంట తిరిగి అమ్మాలి. కోడలు కడుపుతో ఉంది. మొదటి కడుపు నిలవలేదట. మనిషి సన్నగా, వాడిపోయి ఉంది.

"మేడమ్, గీ పిల్లను జర జూడుండ్రి," అంది అత్త. "గంప ఎత్తుకోని కట్ట ఎక్కమంటే నడిమిట్ల కూసుంటది. ఆయాసమంటది, గుండె దడదడ అంటది. మీ మిషిన్ల రక్తం తక్కువున్నదని వస్తే దవాఖానకు తీస్కపోత. లేకుంటే రేపటి సంది గంప ఎత్తాలె. నాటకాలు నడువయ్."

"నాటకం కాదు మేడమ్," అంది కోడలు, నేలకేసి చూస్తూ.

వేళ్లు పెట్టింది. ఆకుపచ్చ గడి వచ్చింది.

"జూసినవా? మిషిన్ గూడ జెప్పింది," అని అత్త కోడలి భుజం తట్టి బయల్దేరదీసింది. పోతూ పోతూ ఆ పిల్ల నావైపు ఒకసారి తిరిగి చూసింది. ఆ చూపు నాకు ఏమాత్రం బాగనిపించలేదు. కానీ మేం చేసిన మిషను, మేం నేర్పిన లెక్క, ఎదురుగా ఆకుపచ్చ రంగు. ఇంక నేనేమంటాను?

ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్లందరికీ ఆకుపచ్చే. పళ్లన్నీ ఊడిపోయిన ఒక అవ్వకి కూడా ఆకుపచ్చే. "నా రక్తం మస్తుగున్నదంట! ఇగ నాకు మల్ల పెండ్లి జేయుండ్రి," అని ఆవిడ వరండా అంతా నవ్వించింది. తమాషా చూడ్డానికి వచ్చిన మగవాళ్లలో మాత్రం ఒకరిద్దరికి ఎర్ర గడి వచ్చింది. "ఈ ఊరి ఆడవాళ్లు చాలా ఆరోగ్యవంతులు," అని మావారు మురిసిపోయారు.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తెరిచే ముందు, ఊరికే ఉండబట్టక నా వేళ్లు పెట్టి చూసుకున్నాను. ఆకుపచ్చ.

నాకు రక్తం తక్కువుందని మా డాక్టరమ్మ అంతకు కొన్నాళ్ల కిందటే చీవాట్లు పెట్టి మాత్రలు రాసిచ్చింది. ఆ మాటే మావారితో అన్నాను.

"మాత్రలతో నయమైపోయిందేమో," అన్నారు.

"మాత్రలింకా సీసాలోనే ఉన్నాయి," అన్నాను.

ఇద్దరం నా చేతికేసి చూశాం. వేళ్ల చివర టోపీల్లా ఎర్రగా పండిన గోరింటాకు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని కోడలు మా అత్తగారి లెక్కలో కోడలే కాదు. రోట్లో రుబ్బి, తనే కూర్చోబెట్టి పెట్టింది. ఈ ఊళ్లో దాన్నే మైదాకు అంటారు. ఇక్కడా ఆషాఢంలోనే పెట్టుకుంటారు, శ్రావణం వచ్చినా ఇక్కడా అందరి వేళ్లకీ అదే ఎరుపు. పొద్దున్నుంచి ఎన్నో చేతులు పట్టుకుని పెట్టెలో పెట్టాను. నా చేతులూ అలాగే ఉంటే నాకు వింతేమనిపిస్తుంది? హాస్టలు పిల్లల ఫోటోలు తీసింది చలికాలంలో. అప్పుడు ఒక్కరి గోటికీ రంగు లేదు. పాపం మిషను, ఆకు ఎరుపుని చూసి రక్తం అనుకుంది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆ కోడలి చూపు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడే తప్పని చెబితే మళ్లీ మన దగ్గరికి ఎవరూ రారు. ముందు సరిచేసుకుని వద్దాం," అన్నారు మావారు.

"రాకపోతే మానె. ఆ పిల్ల రేపు గంప ఎత్తుతుంది," అన్నాను. ఆయన వెంటనే పెట్టె నెత్తికెత్తుకున్నారు. ఆ మనిషిలో నాకు నచ్చేది అదే. నర్సమ్మని వెంటబెట్టుకుని కట్ట కింద వాళ్లింటికి వెళ్లాం.

అత్త వాకిట్లో చేపలు తోముతోంది. విషయం చెప్పాను. ఆమె కత్తిపీట పక్కనపెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దుగాల మంచిగున్నదంటిరి. గిప్పుడు కాదంటున్నరు. గిట్ల పరేషాన్ జేస్తే మేం ఏది నమ్మాలె?"

న్యాయమైన మాటే. అప్పుడు ఆమె చేతులు చూశాను. అన్ని వేళ్లకీ మైదాకు ఉంది కానీ కుడి బొటనవేలికి లేదు. ముల్లు గుచ్చుకుని గుడ్డ కట్టుకున్నప్పుడు దానికి పెట్టుకోలేదట. పెట్టెని వాళ్లింటి ప్లగ్గుకి తగిలించి, ముందు చూపుడువేలు పెట్టమన్నాను. ఆకుపచ్చ. తర్వాత బొటనవేలు పెట్టమన్నాను. ఎర్ర గడి వచ్చింది.

"ఏందిది? ఒక్క మనిషికి రెండు తీర్ల రక్తముంటదా?" అని ఆమె తెరకేసి వంగి చూసింది. కాసేపటికి విషయం అర్థమై, "సరే, గా సూదే గుచ్చుండ్రి. ముందుగాల నాకు గుచ్చుండ్రి. అది జూస్తె పిల్లకు భయం పోతది, బుగులు వడదు," అంది. పొద్దున కోడల్ని తిట్టిన మనిషి ఆ మాట అనడం నాకు చాలా నచ్చింది.

నర్సమ్మ ఇద్దరికీ వేలు గుచ్చి చూసింది. రెండోసారి మళ్లీ చూసింది.

"నీ కోడలికి తక్కువనే ఉన్నది, దవాఖానకు పోవాలె. గని అమ్మా, నీకు గామె కంటే తక్కువున్నది. నువ్వు ఎట్ల తిరుగుతున్నవ్?"

అత్త నవ్వింది. "నాకేం రోగం?"

"కట్ట ఎక్కితే ఆయాసం రాదా?"

"వస్తది. అందరికి రాదా?"

"గుండె దడ?"

"గది నా సిన్నప్పటి సంది ఉన్నదే. ఆడిదయి పుట్టినంక గట్లనే ఉంటది గద."

కోడలు మెల్లగా అంది. "మరి నాది నాటకమంటివి గదత్తా."

"నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా," అంది అత్త. ఆమె మొహంలో నవ్వు పోయింది. "నేను ఎత్తుతలేనా, నీకేమొచ్చింది అనుకున్న."

పొద్దున ఆకుపచ్చ వచ్చిన మిగతా ఆడవాళ్లకీ నర్సమ్మ సూదితోనే మళ్లీ చూసింది. మర్నాడు అత్తా కోడలూ ఒకే బస్సులో మేడ్చల్ ఆస్పత్రికి వెళ్లారు. కడుపుతో ఉంది కాబట్టి కోడలికి అక్కడ సూదిమందులు ఇచ్చారు, అత్తకి మాత్రలు ఇచ్చారు. మేం గోళ్లని వదిలేసి, కింది కనురెప్ప లోపలి వైపు ఫోటో తీయడం మొదలుపెట్టాం. అక్కడికి ఏ పండగా, ఏ ఆకూ చేరదు. మాకు పేరొచ్చింది ఆ పద్ధతికే. గోళ్లు ఎందుకు వదిలేశామో మా వ్యాసంలో ఒక వాక్యం రాస్తే, ఎక్కడో దూరదేశంలో దాన్ని పరిశీలించిన పెద్దమనిషి ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపాడు. ఆషాఢమాసం గురించి ఆయనకి వివరించే పని మావారి మీద పడింది. ఎన్ని పేజీలు రాశారో నేను అడగలేదు.

ఎండాకాలం రాకముందు కొత్త పద్ధతితో ఆ ఊరు మళ్లీ వెళ్లాం. కోడలు ఆడపిల్లని కన్నది. తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారు. పిల్ల బొద్దుగా ఉంది, ఎత్తుకుంటే దిగనంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. శాలువా కప్పిన రోజున కూడా అంత సంతోషం లేదు.

అత్త చేపల గంపతో చెరువు వైపు నుంచి కట్ట ఎక్కి వచ్చింది. మమ్మల్ని చూసి గంప దించి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"మేడమ్, ఇప్పుడు నడిమిట్ల ఎక్కడ ఆగకుంట ఎక్కుతున్న. పానం అల్కగున్నది. మనిషికి గింత సుకముంటదని నాకు గీ వయసుల తెలిసింది," అంది.

మంచిదేగా అన్నాను నేను.

ఆమె వెనక్కి తిరిగి, ఎక్కి వచ్చిన కట్ట నడిమికి వేలు చూపించింది.

"నన్ను గన్న మా అవ్వ గూడ గక్కడనే కూసునేది మేడమ్. లెవ్వమంటే లెవ్వకపోయేది. సచ్చిపోయేదాంక అందరం పనిదొంగ అన్నం."