సులో కోర్పి తేల్చని తూటా

సులో కోర్పి పదహారేళ్లపాటు ఒకే తూటాను పరీక్షించాడు. మంచిదా, చెడ్డదా అని ఎవరడిగినా ఒకటే జవాబు: "ఇంకా తేలలేదు."

ఆ తూటా పేరు 303 సావేజ్. మా తాతల కాలం నాటి లీవర్ రైఫిల్‌లో వేసేది. కొట్లలో దొరకడం ఎప్పుడో మానేసింది. మిషిగన్ ఉత్తర కొసన, మా ఊరి చుట్టుపక్కల, దాన్ని కాల్చే రైఫిల్ ఒక్కటే మిగిలింది. అది కూడా సులోది కాదు, చనిపోయిన ఏరో నీమిది. ఆ రైఫిల్ ఏరో భార్య హిల్యా వంటింటి గోడకు వేలాడుతూ ఉండేది.

మిగతా తూటాల సంగతి సులో ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసేవాడు. తడిపిన పాత పేపర్లు బొత్తులుగా కట్టి, వాటి మీదికి తూటా కాల్చేవాడు. లోపల దిగిన గుండును తవ్వి తీసి, బంగారం తూచినట్టు తూచేవాడు. "బరువులో మూడొంతులు మిగిలింది, పుట్టగొడుగులా విచ్చుకుంది, మంచిది" అనేవాడు. లేదా "ముక్కలైంది, ఉడతలకి వాడుకో" అనేవాడు. ఆ మాటకు ఇక తిరుగు లేదు.

నేను చెక్క కోసే రంపాలు బాగుచేసి బతికేవాణ్ణి. ఏ పనీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అందుకని పనిమంతుణ్ణి చూస్తే నాకు నోట మాట రాదు. సులో ఆ తూటాలు తయారు చేస్తుంటే అదే జరిగేది. వేరే రకం తూటాల ఇత్తడి డొల్లలు తెచ్చి, అంచు తరిగి, మెడ నొక్కి, వెంట్రుకవాసి తేడా లేకుండా 303గా మార్చేవాడు. ఆ మెడ మెత్తబడాలంటే కాచాలి. డొల్ల అడుగును వట్టి వేళ్లతో పట్టుకుని, మెడను కొవ్వొత్తి మంటలో తిప్పేవాడు. వేళ్లు కాలేదాకా తిప్పి, తడిగుడ్డ మీద పడేసేవాడు.

"పటకారు పెట్టుకోవచ్చుగా బాబాయ్?" అన్నాను ఒకసారి.

"పటకారుకి వేడి తెలుస్తుందిరా? నా వేలు చెబుతుంది, చాలని."

"మరి ఎక్కువసేపు పట్టుకుంటే?"

"అదీ వేలే చెబుతుంది. కాస్త గట్టిగా."

అలా చేసుకున్నవి మొత్తం ఇరవై డొల్లలు. ఇరవైకీ నంబర్లున్నాయి, ఒక్కోదానికి నోటుపుస్తకంలో ఒక్కో పేజీ ఉంది. పదకొండో నంబరుది చంచల స్వభావమట.

ట్రెంబాత్ అని మా వేటబృందంలో ఒకాయన ఉండేవాడు, ప్రతిదానికీ తొందరే. ఒక ఏడు ఏరో రైఫిల్ తీసుకుని అందులో ముప్పై-ముప్పై అనే వేరే రకం తూటా వేసి పేల్చాడు. "అదీ ఇదీ ఒకటేగా! రెండింట్లోనూ మూడే ఉంది" అన్నాడు. అడుగున 303 కాస్త లావు, అందుకని దానికోసం చేసిన రైఫిల్ గొట్టంలో ముప్పై-ముప్పై వదులుగా కూర్చుంటుంది. డొల్ల పొట్ట ఉబ్బి, పక్కన చీలి బయటికొచ్చింది. అదృష్టం బాగుండి ట్రెంబాత్ మొహం మామూలుగానే మిగిలింది.

సులో ఆ చీలిన డొల్లను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"తూటా మీద అనుమానమా?" అన్నాడు ట్రెంబాత్.

"లేదు. దీనిమీద పరీక్ష పూర్తయింది. నీ తలకాయ మీద ఇంకా తేలలేదు."

నవంబరు పదిహేను మాకు జింకల వేట మొదలయ్యే రోజు. బడికి కూడా సెలవే. ముందు రోజు మధ్యాహ్నం సులో హిల్యా ఇంటికి వెళ్లి, టోపీ చేత్తో పట్టుకుని, "ఈ ఒక్క ఏడాదికి ఇవ్వండి హిల్యా గారూ, తేలిపోతుంది" అని రైఫిల్ అడిగేవాడు. రెండు మూడు రోజుల్లో జింకను కొట్టేవాడు. కొట్టాక దాన్ని ఇంటికి తీసుకుపోడు. హిల్యా పెరటి కొట్టంలోనే వేలాడదీసేవాడు.

"రైఫిల్ ఉన్నచోటే ఉండాలండీ. ఆరు రోజులు గాయం చూడాలి."

ఆరు రోజులూ వచ్చి, స్కేలుతో గాయం కొలిచి, రాసుకుని, కాఫీ తాగి వెళ్లేవాడు. ఏడో రోజు పుస్తకం మూసేవాడు. "నా పని అయిపోయింది, పారేయండి."

"పారేయాలా? ఇంత మాంసమా? నీకేమైనా మతి పోయిందా సులో?"

"నాకు చోటు లేదండీ. మీరే ఏదో ఒకటి చేసి పుణ్యం కట్టుకోండి."

హిల్యా అతన్ని తిట్టుకుంటూ, అతని మీద జాలిపడి, కోసి సర్దుకునేది. ఆవిడ ఒకరి దగ్గర చెయ్యి చాపే మనిషి కాదు. ఏరో పోయిన చలికాలం చర్చివాళ్లు సరుకుల బుట్ట పంపితే, మంచులో నడిచి వెళ్లి పాస్టరు గారి గుమ్మంలోనే పెట్టి వచ్చింది. పైన ఒక రొట్టె చేర్చి మరీ.

ఈ రెండు సంగతులూ కలిపి చూసే తెలివి నాకు లేకపోయింది. సులో పరీక్ష మొదలైన పదిహేడో ఏట, గుండు వేగం కొలిచే యంత్రం ఒకటి కొన్నాను. హిల్యాను అడిగి రైఫిల్ తెచ్చి, సులో ఇచ్చిన పద్నాలుగు తూటాలు కాల్చాను. కొలిచాను, తూచాను, కాగితం మీద ఎక్కించాను. వేటకు ముందు రోజు హిల్యా వంటింట్లో, ఏలకుల రొట్టె తింటున్న సులో ముందు ఆ కాగితం పరిచాను.

"తేలిపోయింది బాబాయ్! నూట యాభై గజాల్లో ఏ జింకా నిలవదు. పద్నాలుగు గుండ్లూ పుట్టగొడుగులే. ఇక పరీక్షతో పనిలేదు!"

సులో రొట్టె కింద పెట్టాడు.

"ఏ పేపర్లు తడిపావు?"

"నువ్వు వాడేవే."

"ఎంతసేపు?"

"రాత్రంతా."

"పదకొండో నంబరు?"

"అదీ బుద్ధిగానే ఉంది."

సులో కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. అక్కడ ఏమీ లేదు. రైఫిల్ దించడానికి గోడవైపు చేతులు చాపిన హిల్యా ఆగిపోయింది.

"అయితే ఈసారి రైఫిల్ అక్కర్లేదన్నమాట" అంది మెల్లగా.

అప్పుడు చూశాను. ఆవిడ వెనక డీప్ ఫ్రీజర్ మూత తెరిచి ఉంది. లోపల ఖాళీ. పేరుకున్న మంచు కరిగించి, శుభ్రంగా తుడిచి, అడుగున కొత్త పేపర్లు పరిచి ఉంది. పక్కన కోసే కత్తి నూరి పెట్టి ఉంది.

నా కాగితం నాకే సిగ్గుగా కనిపించింది. ఆ క్షణంలో సులో కాలిన వేళ్లవైపు చూస్తే, పదహారేళ్లుగా ఆయన దేన్ని అంత జాగ్రత్తగా కొలుస్తున్నాడో అర్థమైంది.

"ఒక్క చిక్కుంది బాబాయ్" అన్నాను. "నేను కాల్చింది అక్టోబరులో. అప్పుడు ఎండ కాస్తోంది. చలికి తూటాలోని మందు ఎలా పనిచేస్తుందో చూడలేదు."

సులో కుర్చీలోంచి లేచాడు. "చూడలేదా? చలి చూడలేదా? నవంబరు తూటాని అక్టోబరులో తేలుస్తాడండీ వీడు! హిల్యా గారూ, విన్నారా? ఇలాంటివాడి చేత రంపాలు బాగుచేయించుకుంటున్నారు ఊళ్లోవాళ్లు!"

పావుగంట తిట్టాడు. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

హిల్యా రైఫిల్ దించి, గుడ్డతో తుడిచి, బల్లమీద పెట్టింది. పెట్టిన చేయి తీయలేదు.

"సులో, నాకు మీ శాస్త్రం తెలీదు గానీ ఒక అనుమానం. పదహారేళ్లూ నువ్వు పరీక్షించినవన్నీ ముసలి జింకలేగా?"

సులో ఉలిక్కిపడ్డాడు. "పెద్ద కొమ్ములుంటే... ఒళ్లు ఎక్కువుంటుంది కదా అని..."

"ఒళ్లు ఎక్కువే. పోయినేడాది దాన్ని నాలుగు గంటలు ఉడికించినా నా పళ్లకి లొంగలేదు. రెండేళ్ల లేతదాని మీద చూడకుండా ఆ పుస్తకం ఎలా పూర్తవుతుంది?"

సులో నావైపు చూశాడు. నేను రొట్టెవైపు చూశాను. ఆయన చెవులదాకా ఎర్రబడి, నోటుపుస్తకం తీసి, పెన్సిల్ మొన నాలుకకు తాకించి, "లేతది" అని రాసుకున్నాడు.

"కాస్త కొవ్వు పట్టినదాన్ని చూడు" అంది హిల్యా, మూడు కప్పుల్లో కాఫీ పోస్తూ.