సర్ అనొద్దన్న మేనేజరు

మా మేనేజరుకు 'సర్' అంటే ఒళ్ళుమంట. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో మా ఆఫీసు ఒకప్పటి ఇటుకల గోదాము. చేరిన రోజే ఆయన గోడలో ఒక ఇటుక మీదున్న బొటనవేలి ముద్ర చూపించాడు. శిక్షపడి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చిన ఖైదీలు చేసిన ఇటుకలవి.

"మా తాతకు తాత వాళ్ళలో ఒకడు. గొర్రెను దొంగిలించాడట. ఇక్కడ కాపలావాణ్ణి సర్ అననందుకు కొరడా దెబ్బలు తిన్నాడు. నన్ను మాత్రం సర్ అనకు, మేట్," అన్నాడు.

దొంగతనం చేసిన తాత గురించి అంత గొప్పగా చెప్పుకునే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. మా ఇంట్లో అయితే అలాంటివాడి ఊసే ఎత్తనివ్వరు. సరేలే అనుకుని "యెస్ సర్" అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

ఏం చేయను, హైదరాబాదులో మొదటి ఉద్యోగం నుంచీ అంటుకున్న అలవాటు. ఆయన కనబడితే కుర్చీలోంచి లేచేవాణ్ణి. నోరు జారినప్పుడల్లా "నేను జైలరును కాదు" అని నవ్వుతూ దిద్దేవాడు.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. తేదీలో రెండు సున్నాలు చూసి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు, ఒక్కటీ ఆగలేదు. మేం రాత్రింబవళ్ళు కూర్చుని ప్రోగ్రాములు సరిచేశాం కాబట్టే ఆగలేదని ఎవడికి చెప్పను? నన్ను రప్పించిన పని అయిపోయింది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. నా భార్యకు ఎనిమిదో నెల. ఆ ఒంటితో విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"కాన్పయ్యేదాకా ఎక్స్‌టెన్షన్ అడగండి. ఆయన మంచోడేగా," అంది నా భార్య, టిఫిన్ బాక్సు చేతికిస్తూ. "సర్ అనకుండా అడగండి. మళ్ళీ చిరాకు పడతాడు."

ఆయన్ని పేరుపెట్టి పిలవడం దారంతా సాధన చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, బస్సులో ఏడ్చాను కూడా.

నేను గదిలోకి వెళ్ళి నోరు విప్పకముందే, కాంట్రాక్టు పొడిగించడం కుదరదని పైవాళ్ళు తేల్చేశారని చెప్పాడాయన.

"మీ తాతల నాటి ఆ పెద్దాయన శిక్ష అయిపోయాక ఇక్కడే ఉండిపోయాడు కదా," అన్నాను.

"అవును. కాస్త భూమి కూడా ఇచ్చారు."

"నా పనీ అయిపోయింది. నన్నూ ఉండనివ్వండి. బిడ్డ పుట్టేదాకా చాలు."

అంత సాధనా ఎటు పోయిందో, "ప్లీజ్ సర్," అన్నాను.

నవ్వుతాడేమోనని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. ఆ రోజు మాత్రం నన్ను దిద్దలేదు.