సాంచలు ఆగినా ఆగని బెల్లం

లాక్‌డౌన్‌లో సూరత్‌లోని మగవాళ్లందరూ డాక్టర్లయ్యారు. మా బమ్రోలి గల్లీలో ఆ చదువు అందరికంటే ముందు నాకే అబ్బింది. నేను బట్ట నేసే సాంచలు, అంటే మరమగ్గాలు, బందైన నాలుగో రోజుకే పసుపు, మిరియాలు, అల్లం గురించి ఉపన్యాసం ఇచ్చే స్థాయికి చేరుకున్నాను. ఫోన్‌లో చూసి చెప్పేది నేను, వినేది నా భార్య. ఆమెకు వేరే దారి లేదు. మేమున్న ఖోలీలో ఉన్నది ఒక్కటే గది.

ఆమెకు అప్పుడు ఆరో నెల. ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి సమతులాహార పటం ఒకటి ఇచ్చి వెళ్లింది. అందులో ఒక పళ్లెం, పళ్లెంలో అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు. పొయ్యి పైన గోడకు దాన్ని నేనే అంటించాను. "జర చూసి వండు. గివన్నీ ఉండాలె, లేకుంటే బిడ్డకు బలముండది" అని రోజూ పాఠం చెప్పేవాణ్ణి. పాపం, అన్నీ వండేది. రేషన్ బియ్యం, కందిపప్పు, గల్లీ చివర దొరికే పాలకూర, ఎలాగోలా సంపాదించిన ఒక్క గుడ్డు. పటంలో ఉన్నవన్నీ నా పళ్లెంలోకి వచ్చేవి.

అవును, నా పళ్లెంలోకే. సాంచల దగ్గర పన్నెండు గంటలు నిలబడేవాడు ముందు తినాలి, గుడ్డు వాడికే, చివర్లో బెల్లం ముక్కా వాడికే. మా ఇళ్లలో అదీ పద్ధతి. గొంతులో పేరుకున్న దారం దుమ్ము బెల్లంతో దిగిపోతుందని మా నమ్మకం. సాంచలు ఆగాయి, దుమ్ము ఆగింది, బెల్లం మాత్రం ఆగలేదు. పొద్దంతా చాప మీద దొర్లి దొర్లి అలసిపోయేవాడికి బలం కావాలి కదా మరి!

మరుసటి నెల నర్సు మళ్లీ వచ్చింది. ఏం తింటున్నావని హిందీలో అడిగింది. నా భార్య పటంలో ఉన్నవన్నీ గడగడా అప్పజెప్పింది. నేను పక్కన నిలబడి మీసం దువ్వుకున్నాను. నర్సు ఆమె కింది కనురెప్ప లాగి చూసింది. బరువు చూసింది. ఇంత తింటే రక్తం ఎందుకు లేదో, లోపలి బిడ్డ ఎందుకు ఎదగడం లేదో తనకు అర్థం కావడం లేదంది. ఇలాగే ఉంటే కాన్పులో ఇద్దరికీ కష్టమని చెప్పి, మాత్రలిచ్చి వెళ్లింది.

నాకు కోపం వచ్చింది. అదీ ఆమె మీద! "గింత తింటున్నవ్ గదా, యాడికి పోతున్నదే అదంతా?"

ఆమె గిన్నెలు తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది.

మా ఐదేళ్ల కూతురు మూలన సీసా మూతలతో వంటాట ఆడుతోంది. "రా బాపు, బువ్వ తిను" అని పిలిచింది. ఒక మూతలో మట్టి అన్నం, ఒక దాంట్లో ఆకు, ఒక దాంట్లో తెల్ల రాయి. అన్నీ నా ముందే పెట్టింది.

"మరి అమ్మకో?" అన్నాను.

ఖాళీ మూత ఒకటి తీసి వేలితో గోకింది. "గిది అమ్మది. గిన్నెకు అంటిందే తింటది."

మా వైపు ఆడవాళ్లను ఏం తిన్నావని ఎవరూ అడగరు. "ఏం కూర?" అనే అడుగుతారు. నర్సుకు ఆమె చెప్పింది తిన్నవి కాదు, వండినవి. ఛీ, నా బతుకు! రోజూ ఆ పటం ముందే కూర్చుని మెక్కాను.

ఆ మధ్యాహ్నం ఆమె నన్ను ముందు తినమని పిలిస్తే పళ్లెం బోర్లించాను. "నువ్వు తిను ఫస్టు."

"ఏంది కొత్తగ? నువ్వు తినంది నాకు ముద్ద దిగదు."

దిగేదాకా ఎదురుగానే కూర్చున్నాను. ఆమె గుడ్డును సగం చేసి నా వైపు జరిపింది. "రోజు తిన్న నోరు గదా, దాని మీదికే పానం గుంజుతది" అంది. వెక్కిరిస్తోందేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే నా మీద జాలిపడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాతి నెల నర్సు అదే ప్రశ్న అడిగింది. ఈసారి జవాబు మా కూతురిది, వాళ్లమ్మ గుడ్డు ముచ్చట గల్లీలో నేర్చిన హిందీలో, నా ముచ్చట మన మాటలో. "మమ్మీ అండా ఖాతీ హై. బాపు గిన్నె గోకుతడు."

నర్సు నవ్వి, బరువు చూసే యంత్రం మీదికి వంగింది. బరువు పెరిగింది, బిడ్డ కూడా బాగుందంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నా భార్య మాత్రం దొంగతనం బయటపడినట్టు తల దించుకుంది.