ఏసేపు మామ శ్రుతి

మా ఏసేపు మామ జన్మలో ఫిడేలు వాయించినదానికంటే శ్రుతి చేసిందే ఎక్కువ. పాట ఇంత, శ్రుతి అంత. మైదుకూరు దాపున మా పల్లె గుడిలో ఆయన తీగలు బిగించే బిరడ తిప్పడం మొదలుపెడితే, ఆడవాళ్ళు ఇంట్లో ఎసరు పెట్టుకుని, వండి వార్చుకుని, తీరిగ్గా ఆరాధనకు వచ్చేవాళ్ళు.

ఆ వాయిద్యాల సంగతి చెప్పాలి. గుడి కట్టించిన ముసలి దొర పోతూ పోతూ ఒక పెట్టె వదిలిపోయాడు. అందులో పేగుతీగల ఫిడేళ్ళు, కాళ్ళ మధ్య ఇరికించుకుని వాయించే పెద్ద ఫిడేలు, ఒక కొయ్య పిల్లనగ్రోవి ఉన్నాయి. వాళ్ళ దేశంలో రెండొందల ఏళ్ళ కిందట రాజుల కొలువుల్లో వాయించిన పాటలే మా పెద్దలకు నేర్పాడు. అక్కడ అవన్నీ ఎప్పుడో అటకెక్కాయని తర్వాత వచ్చిన దొరలు నవ్వారు. మేం మాత్రం జొన్నచేల మధ్య కూర్చుని ఆ రాజుల పాటలే వాయించుకునేవాళ్ళం. పెద్ద ఫిడేలు నాది. మేళానికి పెద్ద మా మామ.

"ఇనపతీగలు ఏసుకో మామా, ఈ పీడ వదులుతాది" అన్నాను ఒకసారి.

"ఇనుముకేం తెలుసురా అల్లుడూ! పేగయితేనే గాలి మారేది తెలుస్తాది."

ఆ తీగలు పేనిచ్చేది గుడి ఎదురుగా మాంసం కొట్టే బుడేన్ సాహెబ్. ఆయన అక్కడినుంచే కేకేసేవాడు.

"ఏమప్పా ఏసేపూ, నా పొట్టేలు బతికుండంగా గూడా ఇంతసేపు అరవలే! సచ్చినాక నీ చేతిలో అరుస్తాండాది!"

మా ఏసుమణి అత్తదీ ఇదే గోడు. "పెండ్లయినకాడ్నుంచి నాతో కంటే ఆ కట్టెతోనే శానా మాట్లాడినాడు" అనేది. పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలవడం మానేశారు. ఒక పెళ్ళిలో మామ శ్రుతి ముగిసేసరికి పెళ్ళికొడుకు గుర్రుపెడుతున్నాడు మరి.

తర్వాత వానలు వరసగా ఎగ్గొట్టాయి. పశువుల్ని సంతకు తోలేశారు. ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఊళ్ళో నవ్వుకోవడానికి మామ శ్రుతి ఒక్కటే మిగిలింది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలో జొన్నగంజి పోసేవారు. చాలామందికి ఆ పూటకు అదే కూడు. పాదిరి దావీదురాజు అయ్యగారు దానికొక కట్టడి పెట్టాడు. మొదటి పాట ఎత్తుకోగానే తలుపు మూస్తారు, బయట నిలిచినవాళ్ళకు గంజి లేదు. జనం గంజి కోసం కాక దేవుడి కోసం రావాలని ఆయన పట్టుదల.

సరిగ్గా అప్పుడే మామ శ్రుతి జబ్బు ముదిరింది. బిరడ తిప్పడం, కమాను లాగడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ తిప్పడం. గంజి వాసనకు మా కడుపులు మామ ఫిడేలు కంటే గట్టిగా మూలిగేవి.

"ఏసేపూ, ప్రభువు రెండో రాకడకైనా నీ శ్రుతి కలుస్తుందా?" అన్నాడు అయ్యగారు పళ్ళు నూరుతూ.

"కలుస్తాదయ్యా, గాలి కుదిరితే."

ఒక ఆదివారం నాకు ఒళ్ళు మండింది. ఆయన ఫిడేలు చక్కగా పలుకుతోంది. పలికిన తీగను తనే మళ్ళీ వదులు చేశాడు!

"కలిసింది గదా మామా! ఎందుకు దించుతాండావు?"

"నీ చెవుల్లో దుమ్ము పడిందిలే" అన్నాడు. చూపు మాత్రం కిటికీలోంచి తీయలేదు.

నేనూ అటు చూశాను. ఎండిన వంక దాటి జ్ఞానమణవ్వ కుంటుకుంటూ వస్తోంది. నా అనేవాళ్ళు లేని మనిషి. తెల్లారకముందే చెలమ దగ్గర కూర్చుని, ఊరిన నీళ్ళు తోడుకుని గుడిసెలో దించి, ఆ కాలుతో అంత దూరం నడవాలి. ఆమె లోపలికొచ్చి గోడవార చతికిలబడింది. మామ బిరడను ఒక్క తిప్పు తిప్పాడు.

"ఆఁ, ఇప్పుడు కలిసింది" అన్నాడు.

నేను కమాను ఎత్తాను. ఆ తర్వాత ఆయన శ్రుతి గురించి నేను నోరెత్తలేదు.

ఆ కరువు పోకముందే కలరా వచ్చి మామను తీసుకుపోయింది. శవపెట్టెను గుంత పక్కన దించారు. బుడేన్ సాహెబ్ తలకు తువ్వాలు చుట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"పాట కానీయండి" అన్నాడు అయ్యగారు.

నా ఫిడేలు ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా పలుకుతోంది. కమాను ఎత్తబోతూ దారివంక చూశాను. వంక గట్టు మీద ఒక నెరిసిన తల, పైకీ కిందికీ ఊగుతూ వస్తోంది.

"అయ్యగారూ, శ్రుతి కలవలేదు" అని తీగ వదులు చేశాను. పక్కవాడు నావంక చూసి, పిల్లనగ్రోవిని పంచెతో తుడవడం మొదలుపెట్టాడు.

అయ్యగారు నన్ను చూశాడు. దారి చూశాడు. చేతిలో పుస్తకం మూసి, "నిదానంగా చూసుకో" అన్నాడు.

జ్ఞానమణవ్వ ఆయాసపడుతూ వచ్చి గుంత పక్కన కూలబడింది.

"ఏమప్పా, ఈ పొద్దు గూడా నాకోసం ఆపినాడా మీ మామ?"

ఏడుస్తున్న మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని పకాలున నవ్వింది. నేను బిరడ ఒక్క తిప్పు తిప్పాను.

"ఆఁ, ఇప్పుడు కలిసింది" అన్నాను.